చతుష్టయంపై విచారణ

డెబ్బైల చివర, ఒక ఎండాకాలం, నేను నందిగామ శాఖా గ్రంథాలయంలో మూడో గ్రేడు లైబ్రేరియన్‌గా చేరాను. చేరిన కొద్ది రోజులకే పై ఆఫీసు నుంచి ఒక నవల మొదటి భాగం వచ్చింది. మిగతా మూడు భాగాలు రాలేదు.

రాసింది ఆ ఊళ్ళోనే రిటైరైన తెలుగు మాస్టారు. మూడు భాగాల రచనను త్రయం అంటారు, నాలుగైతే చతుష్టయం. ఆయన అట్టమీద ఆ మాటే వేయించారు. ఇంగ్లీషులో టెట్రాలజీ అంటారని ఒక కాలేజీ లెక్చరరు చెబితే దాన్నీ కింద చేర్చారు. కొనుగోళ్ళ గుమాస్తా ఆ రెండు మాటల జోలికీ పోకుండా 'ప్రతులు నాలుగు' అని రాసుకున్నాడు. ఏది కొన్నా శాఖలకు సమానంగా పంచడం మా ఆనవాయితీ. అలా రెండో భాగం జగ్గయ్యపేటకు, మూడోది మైలవరానికి, నాలుగోది పెనుగంచిప్రోలుకు వెళ్ళాయి.

దాంతో నందిగామలో కథానాయిక ఇంకా పెళ్ళికాని పిల్ల. పెనుగంచిప్రోలులో ఆవిడ మనవరాలికి సంబంధాలు చూస్తోంది. బస్సులో కలిసిన ఇద్దరు పాఠకులు ఈ విషయమై వాదించుకుని మాట్లాడుకోవడమే మానేశారు.

మాస్టారు రోజూ వచ్చి నా బల్ల ముందు కూర్చునేవారు. "నాలుగూ వరసగా చదివినవాడు ఒక్కడు దొరికితే చాలండి. బాలేదన్నా పర్లేదు," అనేవారు. సర్వీసంతా కూర్చుని రాసిన నవల అది.

భాగాలన్నీ ఒకచోట చేర్చమని పైకి రాశాను. శాఖకొక ప్రతి అందాక ఇంకా ఎందుకని మెమో వచ్చింది. అవి ప్రతులు కావు, నాలుగూ ఒకే కథ అని మళ్ళీ రాశాను. ఒకటే అయితే నాలుగు ప్రవేశ సంఖ్యలు, అంటే రిజిస్టరు నంబర్లు, ఎలా పడ్డాయని నన్నే సంజాయిషీ అడిగారు. చివరికి అది ఒకటో నాలుగో తేల్చమని గ్రంథాలయాల ఇన్‌స్పెక్టరుగారిని వేశారు.

ఆయన రూలు తప్పని మనిషి. శాఖ శాఖకూ వెళ్ళి, అక్కడే బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని మొదటి నుంచీ చదివారు. వానలు మొదలయ్యాక నందిగామ తిరిగొచ్చి మాస్టారిని పిలిపించారు.

"నాలుగూ కలిపి ఒకటేనండి. కాకపోతే మూడోది బాగా సాగదీశారు," అన్నారు.

"నిజమేనండి. నాకూ అక్కడే అనుమానం," అని మాస్టారు కళ్ళు తుడుచుకుని, ఆయన్ని భోజనానికి ఇంటికి తీసుకెళ్ళారు.

పుస్తకం ఒకటేనని తేలింది కనుక ఒకే శాఖలో ఉండాలని నాలుగు భాగాలనూ మైలవరం పంపేశారు.

సర్కారు కొన్న పుస్తకాన్ని ఒకరైనా చివరిదాకా చదవాలంటే దానిమీద విచారణ పడాలని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏ ఊళ్ళో పనిచేసినా, ఎవరూ ముట్టని మంచి పుస్తకం కనబడితే, దానిమీద పైకి ఒక ఫిర్యాదు రాసేవాణ్ణి.