రెండో తాళంచెవి

మా షూటింగ్ సారు పోయి నేటికి పన్నెండు రోజులు. సంతాప సభలో ఆయన ఫోటో ముందు ఆయన ఎయిర్ రైఫిల్‌ను పెట్టనివ్వకుండా నేను ఆయన్ని అవమానించానన్నది సభకు వచ్చిన మీరు నా మీద మోపిన అభియోగం. పెట్టనివ్వలేదన్నది నిజం. అవమానమన్న మాటకే నా జవాబు.

నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు. పది మీటర్ల అవతల గోడకు కాగితపు టార్గెట్లు. డిగ్రీ మొదటి సంవత్సరంలో, చర్చాపోటీల్లో గెలిచిన పొగరుతో అక్కడికి వెళ్లాను. సారు రైఫిల్ ముట్టుకోనివ్వకుండా మూడు రోజులు జాగ్రత్తలే చెబుతుంటే విసుగొచ్చి, "గాలి తుపాకే కద సార్, గింత భయమెందుకు?" అన్నాను.

"గాలే," అన్నారు సారు, నూనె గుడ్డ మడుస్తూ. "నీ నోట్లకెళ్లి వచ్చేది గూడ గాలే. ఇయ్యాల్టి దాంక ఎవలికీ తగల్లేదా?"

మర్నాడూ వెళ్లాను, నాలుగో రోజు జాగ్రత్తలు విన్నాను.

ఆయన షెడ్డులో 'ఖాళీ' అన్న మాట నిషిద్ధం. కుర్చీ ఖాళీ కావచ్చు, చాయ్ గ్లాసు ఖాళీ కావచ్చు, తుపాకి మాత్రం కాకూడదు. "ఖాళీ అంటే ఎవలో చెప్పంగ విన్నది. 'చూసిన' అను," అనేవారు. రైఫిల్ చేయి మారిన ప్రతిసారీ గొట్టం టార్గెట్ వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. పుచ్చుకున్నవాళ్లు తెరిచి, లోపల చూసి, "చూసిన" అని పైకి అనాలి. ఆయన చేతి నుంచి తీసుకున్నా అంతే. "నన్ను గూడ నమ్మొద్దు," అని నవ్వేవారు. సీసపు గుళ్లను మేం ఛర్రాలంటాం. వాటిని ముట్టిన చేతులు సబ్బుతో కడిగితే గానీ మాకు చాయ్ అందేది కాదు. రైఫిళ్లు ఇనుప పెట్టెలో, ఛర్రాలు వేరే గదిలోని డబ్బాలో. రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. రైఫిళ్ల తాళంచెవి సారు మొలతాడుకు ఉండేది. ఛర్రాలది రెండేళ్లుగా నా దగ్గరుంది.

ఒకసారి బాల్కొండ నుంచి ఒక రైతు వచ్చారు. మక్కచేనులో కోతులను బెదిరించే తుపాకిని తువ్వాలలో చుట్టి, స్కూటర్ మీద కాళ్ల మధ్య నిలబెట్టుకుని తెచ్చారు. ట్రిగ్గర్ బిగుసుకుపోయిందట.

"ఖాళీదే సారూ."

"ఎవలు జూసిండ్రు?"

"మా పెద్దోడు."

"నువ్వు?"

"వాడు జూసినంక మల్ల నేనెందుకు? నా కొడుకే గద!"

సారు గొట్టం వంచి తెరిచి, సన్నటి పుల్లతో నెట్టారు. ఒక ఛర్రా బల్ల మీద పడింది. దారి పొడుగునా ఆ గొట్టం గడ్డం కిందే పెట్టుకుని వచ్చిన మనిషి కూర్చోవడానికి కుర్చీ తడుముకున్నారు. సారు ఆయనకు చాయ్ తెప్పించారు. రైతు తాగుతున్నంతసేపూ సారు ఆ గొట్టంలోకి పుల్ల దూర్చి మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నారు.

ఆ భయం ఎక్కడిదో ఆయన పోయిన రోజు బోధన్‌లో వాళ్లింట్లో తెలిసింది. సారు వాళ్లక్కకు ఎడమ కన్ను లేదు. చిన్నప్పుడు చెరుకు తోట పక్కన ఇంటి ముందు తమ్ముడు గాలి తుపాకితో పిట్టకు గురిపెట్టాడు. పిట్ట ఎగిరిపోయింది, ఛర్రా లోపలే ఉండిపోయింది.

"'ఖాళీదే అక్కా, లోపట పెట్టు' అన్నడు బిడ్డా. గొట్టం వట్టుకొని గుంజిన. ట్రిగ్గర్ మంచం నులకకు తట్టుకున్నది. అందరు వాన్ని పిరికోడన్నరు. నేను గూడ అన్న. గా పిరికితనంతోనే మీ కండ్లు మంచిగున్నయ్."

తమ్ముడి మొలతాడు నుంచి విప్పిన తాళంచెవిని ఆమె నా చేతిలో పెట్టారు.

ఇక సభ. షెడ్డులోనే జరిగింది. ఏర్పాట్లు చూసిన సీనియర్‌ను మేమంతా 'అన్న' అంటాం. "షూటింగ్ సారు ఫోటో ముంగట తుపాకి లేకుంటే ఏం బాగుంటది? ఖాళీదే గద, తియ్యి జర!" అన్నాడు. అప్పటికే వీడియో తీయడానికి ఫోన్లు పైకి లేచాయి. "నువ్వే జూసి ఇయ్యి, పంచాయితీ ఒడుస్తది," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఇవ్వలేదు. నేను చూసినది నా చేతిలో ఉన్నంతసేపే చెల్లుతుంది. పూల పక్కన తుపాకి పెట్టి, దాన్ని ఎవరూ ఎత్తుకుని ఫోటో దిగని సభను ఒక్కదాన్ని చూపించండి, ఓటమి ఒప్పుకుంటాను.

మర్నాడు పెట్టెలోంచి సారు రైఫిల్ తీసి, తెరిచి మూడుసార్లు చూశాను. లోపల ఏమీ లేదు. "జూసినవా, ఉత్తగనే లొల్లి జేసినవ్," అంటూ అన్న పక్కనే నిలబడి నవ్వాడు. అన్నా, ఏమీ లేదని నేను చూశాక అంటున్నాను, నువ్వు చూడకముందే అన్నావు. మన తగాదా అంతా ఆ తేడా మీదే.

మీరెవరూ మోపని అభియోగం మరొకటి ఉంది. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే. పన్నెండు రోజులుగా రెండు తాళంచెవులూ నా ఒక్కదాని బ్యాగులోనే ఉన్నాయి. పాఠం వింటూ చేయి లోపల పెట్టి తడుముకుంటున్నాను. తాళం వేశానో లేదోనని సగం దారి నుంచి రెండుసార్లు వెనక్కి పరుగెత్తాను. వేసే ఉంది. కానీ వెయ్యని రోజు నన్ను అడిగే మనిషి లేరు.

అందుకే మీ మెప్పు నాకు అక్కర్లేదు. మీలో నన్ను అందరికన్నా ఎక్కువ తిట్టినవాళ్లు, నా మాటను బొత్తిగా నమ్మనివాళ్లు రేపు పొద్దున షెడ్డుకు రండి. ఒక తాళంచెవి తీసుకోండి. తలుపు దగ్గర దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉంటాను.