మా మరిది కిటికీలు

మా మరిది వాతావరణం ఆఫీసులో పనిచేస్తాడు. రేపు ఈ ప్రాంతంలో ఎండెంత, వానెంత అని రోజూ సాయంత్రం నాలుగు ముక్కలు రాసి రేడియోకి పంపడం ఆయనగారి ఉద్యోగం. ఈ సంగతి మొదటిసారి విన్నవాళ్ళు "అబ్బో!" అంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేనూ అన్నాను. ఆ అబ్బో నాకు ఏడాది కూడా నిలవలేదు.

అతగాడి విద్య ఏమిటంటే, ఈరోజు ఎండ ఎంత కాసిందో చూసి రేపటికీ అదే రాసెయ్యడం. "వాతావరణంలో పెద్దగా మార్పు ఉండదు." ఈ ఒక్క వాక్యం మీద సంసారం లాక్కొచ్చాడు మహానుభావుడు! ఉన్నమాట చెప్పాలంటే చాలా రోజులు అది నిజమే అవుతుంది. నిన్నటిలాగే ఈరోజూ ఉండటం లోకంలో మామూలే కదా, దానికింత చదువెందుకు? అయినా పై అధికారులు పిలిచి, తప్పులు తక్కువ చేసే ఉద్యోగి అని మెచ్చుకుని ఒక చెక్క ఫలకం చేతిలో పెట్టారు. అది వాళ్ళ ముందుగదిలో టీవీ పక్కన ఉంటుంది. మా తోడికోడలు దాన్ని రోజూ తుడుస్తుంది.

మొదటినుంచీ ఇంత పిరికివాడు కాడట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి, రేపు గాలివాన ముంచెత్తుతుందని రాశాడు. బళ్ళు మూసేశారు. తీరా తెల్లారితే ఎండ ఫెళ్ళున కాసింది. పిల్లలు గొడుగులేసుకుని అతగాడి వెంటపడి ఆఫీసు దాకా సాగనంపారు. అంతే, ఆ రోజునుంచి హెచ్చరిక అనే మాట జోలికి పోలేదు. ఏదైనా వచ్చి మీదపడి, అందరూ కళ్ళారా చూశాక, అప్పుడు తీరిగ్గా రాస్తాడు. జాలిపడమంటారా? ఒక్కపూట నలుగురు నవ్వారని జన్మంతా ముడుచుకు కూచున్న మనిషి మీద నాకు జాలి పుట్టదు.

మా ఆయనకు మాత్రం తమ్ముడంటే ప్రాణం. మేం కింది వాటాలో ఉంటాం, వాళ్ళు పై వాటాలో. మా ఆయన ఒక రేకుల షెడ్డులో అట్టపెట్టెల కట్టలు మోస్తాడు. ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా రేడియో పెట్టి, నన్ను నోరు మూసుకోమంటాడు. చదివేది ఎవరో ఆడమనిషి. అయినా తమ్ముడే ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టు తలూపుతూ వింటాడు. "మావాడు రాసిందే!" అని మురిసిపోతాడు.

కిందటేడు ఆయన షెడ్డులోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇంకోసారి వడదెబ్బ తగిలితే మనిషి దక్కడని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. షెడ్డు యజమానిది ఒకటే పట్టు: రేడియోలో వడగాడ్పుల హెచ్చరిక వస్తే మధ్యాహ్నం నుంచి మూస్తాడు, రాకపోతే చస్తే మూయడు. మానేసినవాడికి మళ్ళీ పని ఉండదు. అంటే మా ఆయన ప్రాణం మా మరిది చేతిలో ఉందన్నమాట. ఎంత గట్టి చేతులో చూడండి!

ఈ ఏడు ఎండాకాలం ఇంకా మొదలయిందో లేదో, బళ్ళకు సెలవులు కూడా ఇవ్వలేదు, ఎండ రోజురోజుకీ ముదిరిపోయింది. కుళాయి తిప్పితే నీళ్ళు చెయ్యి పెట్టనిచ్చేవి కావు. అతగాడు నిన్నటిదే రాస్తూ పోయాడు, ఎండేమో రోజూ అతగాడిని దాటిపోతూనే ఉంది. ఇక పట్టలేక ఒకనాడు ఆఫీసుకు బయల్దేరుతుంటే మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాను.

"ఏమయ్యా, రేపటికి హెచ్చరిక రాస్తావా లేదా? మీ అన్నయ్య సంగతి తెలుసు కదా!"

"చూద్దాం వదినా. అంత కచ్చితంగా చెప్పలేం."

"కచ్చితంగా చెప్పమని ఎవరన్నారు? జాగ్రత్తపడమని ఒక్క ముక్క రాయమంటున్నా."

"తీరా ఎండ కాయకపోతే అందరూ నన్నే కదా అంటారు?"

"అంటే అననీ! ఒంటికి చిల్లు పడుతుందా?"

చెప్పుల్లో కాళ్ళు దూర్చి జారుకున్నాడు. సాయంత్రం రేడియోలో అదే పాట. మార్పు ఉండదట. మా ఆయన కాళ్ళు బారజాపుకుని, "విన్నావుగా? ఊరికే కంగారు పడతావు" అన్నాడు.

మర్నాడు చీకటితోనే ఆయన షెడ్డుకు వెళ్ళిపోయాడు. పొద్దెక్కాక బట్టలు ఆరేద్దామని పెరట్లోకి వెళ్ళి తలెత్తి చూద్దును కదా, పై వాటా కిటికీలన్నిటికీ తడి దుప్పట్లు! నీళ్ళు గోడమీద చారలుగా కారుతున్నాయి. గబగబా పైకెక్కాను. మరిది కూతురు నేలమీద బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటోంది.

"ఏమ్మా, బడి లేదా?"

"నాన్న వద్దన్నాడు పెద్దమ్మా. ఇవాళ ఎండ మండిపోతుందట. రాత్రే చెప్పాడు."

"అవునక్కా, దుప్పట్లు కూడా ఆయనే తడిపి కట్టి వెళ్ళారు" అంది మా తోడికోడలు, మొగుడి మంచితనానికి పొంగిపోతూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ తెలియక రాయడం లేదనుకున్నాను. తెలుసు! కూతురికి చెప్పేంత తెలుసు, అన్నకు చెప్పేంత తెలియదు. థూ!

షెడ్డుకు పరిగెత్తాను. యజమాని ఫ్యాను కింద కూచుని, "రేడియోలో చెప్పలేదుగా అమ్మా" అన్నాడు.

"రాసినవాడే తన కూతుర్ని బడికి పంపలేదయ్యా!"

"అది వాళ్ళింటి విషయం."

మా ఆయన చెమటతో ముద్దయి ఉన్నాడు. ఇంటికి పదండి అని చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. "ప్రమాదమైతే వాడు రాయడటే? నా తమ్ముడు కాదూ? వెళ్ళు, అందరూ చూస్తున్నారు" అని నవ్వి, కట్ట భుజాన వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరు తోటి పనివాళ్ళు ఆయన్ని ఆటోలో వేసుకొచ్చి గుమ్మంలో దించారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నన్ను చూసి ఎవరని అడిగాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, బండి వచ్చేలోపు తడిగుడ్డలు చుట్టండి అన్నారు. నేను పైకి పరిగెత్తి ఒక్కో కిటికీకీ ఉన్న దుప్పటి ఊడలాగాను.

"అయ్యో అక్కా, వేడి లోపలికొచ్చేస్తుంది!" అంది తోడికోడలు.

"రానీ."

ఆ దుప్పట్లే బతికించాయన్నారు డాక్టర్లు. బతికాడు. కానీ అడుగు తడబడుతుంది, మాట ముద్దగా వస్తుంది, షెడ్డు పనికి ఇక పనికిరాడు. మరిది ఆసుపత్రికి వచ్చి, "ఈరోజు హెచ్చరిక రాశాను వదినా" అన్నాడు. మర్నాడు మబ్బు పట్టింది. మళ్ళీ నవ్వారు. మళ్ళీ హెచ్చరికలు మానేశాడు.

మేం ఇంటికొచ్చాక ఒక సాయంత్రం అతగాడు గుమ్మం దగ్గర తచ్చాడాడు.

"వదినా, ఆ దుప్పట్లు ఒకసారి..."

"ఏం, రేపటికి కావాలా?"

నేలచూపులు చూస్తూనే చెయ్యి చాపాడు. రేడియోలో మాత్రం మార్పు ఉండదనే చెప్పారు. నేను దుప్పట్లు మడతపెట్టి చేతికిచ్చాను. "తీసుకో నాయనా, శుభ్రంగా తడిపి కట్టుకో" అన్నాను.

తెల్లారేసరికి షెడ్డు గేటు దగ్గర ఉన్నాను. "మా పై వాటా కిటికీలు చూసొచ్చి, అప్పుడు లోపలికి వెళ్ళండి" అని ఒక్కొక్కరికీ చెప్పాను. పక్క వీధే కదా, వెళ్ళి చూశారు. నీళ్ళు కారుతున్న దుప్పట్లు చూశారు. ఒక్కడూ లోపలికి అడుగుపెట్టలేదు. అందర్నీ మాన్పిస్తే కట్టలు తనే మోసుకోవాలి కదా, మధ్యాహ్నం మూస్తానని యజమాని దారికొచ్చాడు. అప్పటినుంచి వాళ్ళు మా వీధి మీదుగా చుట్టు తిరిగి పనికి వెళుతున్నారు.

సాయంత్రం అలవాటుకొద్దీ మా ఆయన మంచం పక్కన రేడియో పెట్టబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులే" అన్నాడు ముద్దముద్దగా. "పొద్దున్నే వాడి కిటికీలు చూసి చెబుదువుగాని."