పద్దెనిమిది ఔన్సుల కర్ర

తెలంగాణ కోసం రాస్తారోకో జరుగుతున్న ఆ మధ్యాహ్నం నా ప్రజ్ఞాపూర్ బస్సు కదలలేదు. సిద్దిపేట బస్టాండు ఎదుట, బల్ల మీది బంతులను కర్రతో కొట్టి ఆడే పూల్ షాపుకు వెళ్లాను. పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి దెబ్బలో అక్కడ నన్ను మించినవాడు లేడు. బరువు పెరిగితే దెబ్బ పెరుగుతుందని లెక్కగట్టి, ఇరవై ఒక్క ఔన్సుల క్యూ కర్ర కొనుక్కున్నవాణ్ణి.

నాలాగే బస్సు ఆగి వచ్చిన మిరుదొడ్డి మనిషి ఒకాయన, నా క్యూ కొసన ఉన్న తోలును గోటితో నొక్కి చూశాడు.

"మెత్తగున్నదే అన్నా. సగం దెబ్బ గిదే మింగుతది."

"దీని బరువెంతో తెలుసా? లెక్కగట్టి కొన్నాను."

"బరువేం జేస్తది? నేను బండలు కొట్టేటోన్ని. సుత్తె బరువైతే చెయ్యి ఉరకదు. గది లెక్కల రాసుకోలేదా?"

అందరూ నవ్వారు. ఆయన గోడకున్న కర్రల్లో గట్టి తోలున్న పద్దెనిమిది ఔన్సులది ఏరుకొని కొట్టాడు. బంతులు బల్లంతా చెదిరి, వాటిలో మూడు బల్ల అంచు గుంతల్లో పడ్డాయి. నాకు ఏనాడూ రెండు దాటలేదు. "శభాష్" అని ముందుగా అరిచింది రోజూ నాతో ఆడే నా జతగాడే.

బస్సులు కదిలాక ఆయన వెళ్లిపోయాడు. పేరు అడగడానికి నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు నేనూ గట్టి తోలున్న పద్దెనిమిది ఔన్సుల కర్రతోనే కొడతాను. ఎవరు నేర్పారని అడిగితే, లెక్క వేసి కనుక్కున్నానంటాను.