పదో రీలూ, పదకొండో రీలూ

రెండువేల సంవత్సరం మొదట్లో, విజయవాడలో ఓ దినపత్రికలో సీనియర్ సబ్ ఎడిటర్‌గా ఉన్నవాణ్ణి, ఒక తెలుగు వెబ్‌సైటులో సినిమా డెస్క్ ఇన్‌ఛార్జిగా చేరి సింగపూర్ వెళ్లాను. డాట్‌కామ్ అంటే చాలు, జనం ఎగబడుతున్న రోజులవి. టాంపినీస్‌లో అద్దె గది, సెరంగూన్ రోడ్డులో మేడమీద ఆఫీసు, నా కింద ఇద్దరు.

మా యాజమాన్యం గొప్పగా చెప్పుకునేది ఒకటే. సింగపూర్ గడియారం ఇండియా కంటే రెండున్నర గంటలు ముందు. హైదరాబాద్‌లో ఉదయం ఆట మొదలయ్యేలోపు మా సమీక్ష సైటులో ఉండాలి. అందుకని ఇంటర్వెల్‌లోనే సగం రాసి, శుభం కార్డు పడకముందే లేచి పరుగెత్తేవాళ్లం. పైన అయిదుకి ఇంత అని రేటింగు. చాలామంది అంతకు మించి చదివేవారు కాదు.

ఒక శుక్రవారం సింగపూర్‌లో సెలవు. సాఫ్ట్‌వేర్ మిత్రులు కొందరు హాలు తీసుకుని, ఒక కొత్త దర్శకుడి తొలి సినిమా పొద్దున్నే వేయించారు. అప్పట్లో సినిమా అంటే రీళ్లు. రేకు డబ్బాల్లో, మూతల మీద వరస అంకెలతో వచ్చేవి. రెండో సగంలో హీరో తండ్రి చనిపోయాడు. ఏడుపులు, పాడె, అన్నీ అయ్యాయి. తర్వాతి సీనులో ఆయనే వరండాలో కూర్చుని కోడల్ని కాఫీ అడిగాడు. హాలంతా గొల్లుమంది. ‘చచ్చినవాడి చేత కాఫీ అడిగించిన ఈ దర్శకుణ్ణి ముందు ఎవరైనా నిద్ర లేపండి’ అని రాసి, అయిదుకి ఒకటిన్నర పడేశాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా.

సాయంత్రం దర్శకుడు ఫోన్ చేశాడు. అరవలేదు. “సార్, ఆయన కాఫీ అడిగేది ముందు, పోయేది తర్వాత. మీరు రాసిన వరస మా సినిమాలో లేదు సార్. వారం తిరక్కుండా ఎత్తేస్తామంటున్నారు థియేటర్లవాళ్లు, ఏదైనా చెయ్యండి” అన్నాడు.

హాలుకు పరుగెత్తాను. ఆపరేటర్ ముత్తుస్వామి, తమిళ పెద్దాయన, డబ్బాలు ముందు పెట్టి చూపించాడు. పదో రీలు మూత పదకొండుకీ, పదకొండు మూత పదికీ మారిపోయాయి. సగంలో తనకే తెలిసిందట. “ఎవరూ వచ్చి అడగలేదు సార్. అందరూ నవ్వుతున్నారు, సరే అని విడిచేశా” అన్నాడు.

మర్నాడు సవరణ రాసి మేనేజింగ్ ఎడిటర్‌కి ఇచ్చాను. ఆయన నాలుగు వేరే సైట్ల ప్రింటవుట్లు నా ముందు పడేశాడు. రాసినవాళ్లంతా హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో సినిమా చూశామన్నవాళ్లే. నలుగురూ కాఫీని వెక్కిరించారు. ఒకాయనైతే తమ థియేటర్లో ఈలలు కూడా పడ్డాయన్నాడు. అక్కడి ప్రింటులో లేని తప్పుకు ఈలలు ఎవరు వేశారో ఆయనకే తెలియాలి!

“నలుగురూ చూశామంటుంటే నువ్వొక్కడివే కాదంటావేంటయ్యా?” అన్నాడు మా ఎడిటర్.

వాళ్లు చూసింది సినిమాను కాదు, నా సమీక్షనేనని మొత్తుకున్నాను.

“అయితే ప్రూఫ్ పట్రా. రేటింగ్ మారిస్తే రేపు ప్రతి ప్రొడ్యూసరూ ఫోన్ చేస్తాడు” అని లేచి లంచ్‌కి వెళ్లిపోయాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ముత్తుస్వామి చేత కాగితం రాయించి, పోట్లాడి, గురువారానికి రెండు లైన్ల సవరణ వేయించాను. అప్పటికే సినిమా ఎత్తేశారు. సవరణను మాత్రం ఎవరూ కాపీ కొట్టలేదు.

సినిమా విమర్శ దిగజారిపోయిందని ఇప్పుడు సభల్లో నన్ను మాట్లాడమంటారు. దిగజార్చినవాళ్లలో నేనూ ఉన్నానని చెబితే వినయమనుకుని చప్పట్లు కొడతారు. ఆ దర్శకుడికి రెండో సినిమా రాలేదు. అది నా వల్లేనని రుజువు లేదు, కాదని అనే ముఖమూ నాకు లేదు. ఆ అనుభవం నేర్పింది ఒకటే: తెరమీద తేడా కనిపిస్తే ముందు ప్రొజెక్షన్ గదికి వెళ్లి అడగాలి, దర్శకుణ్ణి తిట్టడం ఆ తర్వాత. ఆ పొద్దున హాల్లో నాకూ అనుమానం వచ్చింది. పైకెళ్లి అడగడానికి రెండు నిమిషాలు చాలు. అందరికంటే ముందు రాయాలని వెళ్లలేదు.