నా ధరకే ఒప్పుకున్న గొంతు

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పాలకొల్లు బజారులో మా నాన్నగారి స్టీలు సామాన్ల కొట్లో పెరిగాను. గిన్నెని వేలితో కొట్టి చప్పుడు వినందే డబ్బు తియ్యని ఇల్లు మాది. కంటికి కనపడని సరుకుని ఎలా నమ్ముతాను?

అలాగని మా ఇంట్లో పట్టింపులు లేవని కాదు, బోలెడు. వాటిలో ఒకటి మాత్రం ఇక్కడ చెప్పాలి. దీపాలు పెట్టాక బయటినుంచి ఎవరైనా పిలిస్తే వెంటనే పలకకూడదు. మూడోసారి పిలిచాకే పలకాలి. దెయ్యం రెండుసార్లకి మించి పిలవదని అమ్మ లెక్క. కొట్లో నాన్న లెక్కా ఇంచుమించు అదే. బేరం కుదరక వెళ్ళిపోయేవాళ్ళని మూడుసార్లు పిలవాలి, అప్పటికీ తిరక్కపోతే వదిలెయ్యాలి. మొత్తానికి దెయ్యాలకీ బేరగాళ్ళకీ మా ఇంట్లో ఒకటే రూలు.

పెళ్ళయి రాజమండ్రి వచ్చాక నేను కౌంటరుకి ఇవతలి పక్కకి మారాను గానీ రూలు మారలేదు. ధర నచ్చకపోతే లేచి నడుస్తాను. మొదటి పిలుపుకి తిరగను. రెండోదానికి నడక నెమ్మది చేస్తాను. మూడోదానికి, అప్పుడే వినపడినట్టు మొహం పెట్టి తిరుగుతాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది కాబట్టి ఈ నాటకంలో ఆవిడకీ వేషం ఉంది. మోకాళ్ళ నొప్పులు గనక, బేరం చెడేట్టుందంటే చాలు, ఆవిడ ముందే లేచి బయటికి నడుస్తుంది. వెనక నేను. సందు మలుపులో చెరుకురసం బండి దగ్గర కలుసుకుంటాం.

కిందటి వేసవిలో మా అన్నయ్య కూతురి గృహప్రవేశానికి చీర కొనాలని ఇద్దరం పాలకొల్లు వెళ్ళాం. కొట్టు పేరు చెప్పను. పట్టపగలు, భోజనాల వేళ. పనివాళ్ళందరూ అన్నానికి వెళ్ళారు, లోపల యజమాని ఒక్కడే ఉన్నాడు. నెమలికంఠం రంగు చీర ఒకటి విప్పగానే అమ్మ "అబ్బా!" అంది. బేరంలో అనకూడని మాట అది. ఆ తర్వాత ఇక ధర దిగుతుందా?

మనసులో ఒక అంకె అనుకున్నాను. పైకి మాత్రం అంతకంటే బాగా తక్కువకి అడిగాను.

"అమ్మగారూ, ఆ ధరకి జాకెట్టు ముక్క వస్తుందండి" అన్నాడాయన.

"అయితే చీర మీరే కట్టుకోండి" అని లేచాను. చూస్తే అమ్మ పక్కన లేదు. ఎప్పటిలాగే ముందు వెళ్ళిపోయిందనుకుని మెట్లు దిగాను.

వెనకనుంచి పిలుపు వినపడింది. "అమ్మగారూ, రండి." తిరగలేదు. "రండమ్మా." నడక తగ్గించాను. మూడోసారి ఆ గొంతు నా మనసులో ఉన్న అంకెని, రూపాయి అటూ ఇటూ కాకుండా, చెప్పింది. "ఆ ధరకే ఇస్తాను, రండి" అంది.

గెలిచిన మొహంతో వెనక్కి వచ్చాను. యజమాని గోడవైపు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ప్యాక్ చెయ్యండి మరి" అన్నాను.

"ఏంటండీ ప్యాక్ చేసేది?"

"ఇప్పుడేగా ఆ ధరకి ఇస్తానన్నారు!"

"నేనా? అంతకా? నేనసలు మిమ్మల్ని పిలవలేదే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి రప్పించి మాట మార్చేవాళ్ళని చాలామందిని చూశాను. దులిపేద్దామని నోరు తెరిచానో లేదో, విప్పి పడేసిన చీరల గుట్ట వెనక, అద్దం పక్కనున్న బెంచీ మీంచి వేలాడుతున్న చెయ్యి కనపడింది. ఆ గాజులు అమ్మవి.

అమ్మకి షుగరుంది. ఉదయం మాత్ర వేసుకుని టిఫిను సగం వదిలేసింది. ఇప్పుడు ఒళ్ళంతా చెమట, కళ్ళు తేలిపోయి ఉన్నాయి, పిలిస్తే మాట లేదు. యజమాని ఫోను పడేసి వచ్చి, తనే అమ్మని ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. పక్క సందులోని డాక్టరుగారు గ్లూకోజు ఎక్కించారు. "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదండి" అన్నారు. ఆ పిలుపే లేకపోతే నేను తిరిగొచ్చేదాన్ని కాదు; చెరుకురసం బండి దగ్గర అమ్మ కనపడకపోయినా, ఏ గాజుల కొట్లోనో దూరిందనుకుని నేను నింపాదిగా రసం తాగుతూ నిలబడేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

సాయంత్రానికి అమ్మ లేచి కూర్చుంది. "చీర ఎంతకి తెగిందే?" అన్నదే మొదటి మాట. ఆయనతో బేరమాడడానికి నాకు నోరు రాలేదనీ, అడిగినంతా ఇచ్చేశాననీ చెప్పాను.

"అడిగినంతా ఇచ్చావా! నన్ను లేపకపోయావా!" అంది.

గొంతు సంగతి చెబితే మాత్రం ఆవిడేమీ కంగారు పడలేదు. "మూడోసారికేగా తిరిగావు? అయితే ఫరవాలేదు" అని పక్కకి తిరిగి పడుకుంది.

ఈ సంగతి ఇద్దరు ముగ్గురికి చెప్పానంతే. కొన్నాళ్ళకి భీమవరం నుంచి మా వదిన ఒక మెసేజీ పంపి, వెంటనే ఫోన్ చేసింది. "వదినా, పాలకొల్లులో చీరలకి వెళ్ళకండి. ఒక కొట్లో చచ్చిపోయిన అమ్మాయి గొంతు పిలుస్తోందట. వెనక్కి తిరిగిన ఒకావిడ అక్కడికక్కడే పోయిందట!"

"ఆ పోయినావిడని నేనే వదినా."

"ఛ, ఊరుకోండి! ఆవిడ మా పక్కింటావిడ తోడికోడలికి స్వయానా చెల్లెలు."

మెసేజీ అమ్మకి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "దీనికి విరుగుడేం రాశారే?" అంది.

"పదిమందికి పంపమన్నారమ్మా."

"పంపితే?"

"పదిమంది భయపడతారు."

"మరి మన భయం ఎలా పోతుందే?"

అమ్మ పట్టింపులు కొట్లో కొన్న సరుకులాంటివి. అమ్మినవాళ్ళెవరో తెలుసు, ఎలా వాడాలో వాళ్ళే చెబుతారు. మూడు పిలుపులు ఆగు; ఎవరైనా తుమ్మితే కాసిని మంచినీళ్ళు తాగు, కాసేపు కూర్చుని బయల్దేరు. అక్కడితో భయం తీరిపోతుంది. ఈ ఫోను కథలు రైల్లో అమ్మే వాచీల్లాంటివి. మెరుపే గానీ, తిరిగిచ్చేద్దామంటే అమ్మినవాడు ఏ స్టేషన్లో దిగిపోయాడో తెలీదు.

తర్వాత యజమానే ఫోన్ చేశాడు. "అమ్మగారూ, నా కొట్లో దెయ్యం ఉందన్నారటండి?"

"దెయ్యం అనలేదండి. మీకంటే బేరం తెలిసినవారెవరో ఉన్నారన్నాను."

"నవ్వులాటగా ఉందా అండీ? జనం గుమ్మంలో నిలబడి సెల్ఫీలు దిగి పోతున్నారు. లోపలికి ఒక్కరూ రావట్లేదు!"

ఆ రోజు అమ్మని ఎత్తుకుని ఆటో ఎక్కించిన మనిషాయన. వెంటనే బయల్దేరాను. ఇద్దరం కూర్చుని ఆ రోజు సీసీ కెమెరా చూశాం. అందులో మాట వినపడదు, బొమ్మ ఒక్కటే. ఆయన గోడవైపు తిరిగి ఫోన్లో ఉన్నాడు. కొట్లో ఇంకెవరూ లేరు. అమ్మ బెంచీ మీద అలా ఒరుగుతోంది. నేను మెట్లు దిగి, నడక తగ్గించి, తిరిగాను. మెట్ల కింద ముంజలమ్మే ఆవిడ మాత్రం మూడుసార్లు తలెత్తి కొట్టువైపు చూసింది.

ఆవిడ ఇప్పుడూ అక్కడే ఉంది. వెళ్ళి అడిగాం.

"అవునండి, పిలిచారు. నన్నేనండి. 'బుట్టంతా తీసుకుంటాను రా' అన్నారు."

"మరి వెళ్ళలేదేం?" అన్నాడు యజమాని.

"భలేవారే! మిట్టమధ్యాహ్నం బేరమాడకుండా బుట్టంతా కొనేవాళ్ళుంటారేంటండీ?"

ఒక్క గొంతు ఇద్దరికి రెండు రకాలుగా ఎలా వినపడిందో, నేను పైకి అనని అంకె దానికెలా తెలిసిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆవిడ తెలివైనది కాబట్టి కదల్లేదు. నేను ఆశపడ్డాను కాబట్టి వెనక్కి వెళ్ళాను.

ఇవాళ పొద్దున, దొండకాయలు ముదురువి తెచ్చానని అమ్మ నాతో చాలాసేపు పోట్లాడింది. ఒక్క మాటైనా ఎదురు చెప్పకుండా, చివరిదాకా విన్నాను.