మలుపులో అవ్వ వడ్లు

రామాయంపేట నుంచి మెదక్ వచ్చే రోడ్డు మా ఇంటి ముందే మెలిక తిరుగుతుంది. వరికోతలైతే చాలు, మా అవ్వ ఆ మూలమలుపులోనే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసేది. చుట్టూ రాళ్లు పేర్చి, తలకు కొంగు చుట్టుకొని, కాళ్లతో వడ్లు తిరగదోస్తూ ఉండేది. నన్ను కన్న తల్లి అక్కడ, అదే రోడ్డు మీద ధాన్యం లారీ నడిపే నేనిక్కడ. నా పాట్లు పగవాడికి కూడా వద్దు.

బస్తాల లోడుతో ఉన్న లారీ మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది. ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపులోకి వచ్చాక బ్రేకు తొక్కితే బండి మన మాట వినదు. ఆ పైన టైర్ల కింద వడ్లుంటే గోలీల మీద కాలేసినట్టే. ఇదంతా అవ్వకు ఎన్నిసార్లు చెప్పానో!

"ఊరంత రోడ్డు మీదనే ఆరవోస్తరు. నీకే వచ్చిందా పెద్ద పరేషాన్?" అనేది.

ఆమెతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. కోపమొచ్చి వడ్లు ఆరబోసుకోవడానికి పెరట్లోనే సిమెంటు కల్లం కట్టించాను. ఇక ఏ సాకు చెబుతుందో చూద్దామనుకున్నాను.

ఆ పంటకే ఒక మధ్యాహ్నం లోడుతో వస్తున్నాను. మలుపులో మళ్లీ వడ్లు! పక్కనే వంగి అవ్వ! అటు మెదక్ వైపు నుంచి ఒక లారీ దూసుకొస్తోంది. నేను మలుపుకు ముందే ఆపేశాను. ఆ లారీ డ్రైవరు వడ్లు చూసి బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు గింజల మీద జారాయి. అవ్వ పక్కకు దూకింది. అంతకుముందు ఆమె ఉన్న చోటికే వచ్చి ఆ లారీ ఆగింది.

లారీ దిగి ఆమె దగ్గరికి పరుగెత్తి అరిచాను.

"ఇంట్ల కల్లం వెట్టుకొని గిక్కడెందుకు వోసినవే అవ్వా?"

అయినా ఆమె నోరు తగ్గలేదు.

"వడ్లు లేకుంటే గీ టర్నింగుల లారీలు ఎట్ల ఉరుకుతయో జూసినవా? వడ్లుంటెనే జర మెల్లగ వోతరు. నువ్వు గిదే తొవ్వల వస్తవ్ గద కొడుకా. ఎదురుంగ వచ్చెటోడు మెల్లగ రావద్దా?"

ఆమెను పట్టుకొని ఏడ్చాను. ఆ లారీ డ్రైవరు చీపురు అందుకొని మాతో పాటు వడ్లు ఊడ్చాడు.

ఇప్పుడు వడ్లు పెరట్లోనే ఆరుతున్నాయి. అవ్వ మాత్రం నేను వచ్చే వేళకు గడపలో కూర్చొని చెవులు రోడ్డు వైపే పెడుతుంది. మలుపు ముందు నేను గేరు తగ్గించే చప్పుడు వినబడ్డాకే లేచి కంచంలో అన్నం పెడుతుంది.

మొన్న రోడ్డు ఖాళీగా ఉందని గేరు తగ్గించకుండా కొంచెం వేగంగా వచ్చాను. బండి పెట్టి లోపలికి వెళ్తే కంచం ఖాళీగా ఉంది. అవ్వ నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"నువ్వేనా? గంత ఉరుకుతుంటే ఎవరి కొడుకో అనుకున్న. వాడు మంచిగ ఇల్లు జేరాలె అని మొక్కిన" అంది.