ఖాళీ క్యాలెండర్‌లో శుక్రవారం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఇంట్లో కనబడిన బల్లి వీధి మలుపు తిరిగేసరికి ఉడుమవుతుంది, బస్టాండు చేరేసరికి మొసలవుతుంది. ఇక్కడా అక్కడక్కడ పెంచుతాను, అలవాటు పోదు. ఒక చోట మాత్రం శుద్ధ అబద్ధం ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నాను. దయ్యం పట్టిందని పిలిచిన ప్రతి ఇంట్లోనూ ప్లగ్గు ఊడిపోయి ఉండేది, లేదా వైరును ఎలుక కొరికి ఉండేది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. ఆ మిల్లు సేటుకే కోదాడలో ఒక దుకాణం, సూర్యాపేటలో ఒక ఆఫీసు. మూడు చోట్ల ఉత్తరాలు, ఫోన్ నంబర్లు, ఏ లారీ ఏ రోజు ఎటు పోవాలన్న లెక్క, అన్నీ ఒకే సర్వర్‌లో ఉండి, ఎవరు ఎక్కడ బ్రౌజర్ తెరిచినా కనబడాలని సేటు కోరిక. సర్వర్ అంటే గోదాము అనుకోండి. లోపల ఎంత సరుకున్నా ముందు దుకాణం లేకపోతే గిరాకీకి ఏమీ కనబడదు. ఆ ముందు దుకాణం కట్టడమే నా పని.

అప్పటిదాకా లారీల లెక్కంతా ఒక గోడ క్యాలెండర్ మీద నడిచేది. తిథులు, వర్జ్యాలు ఉన్న మామూలు క్యాలెండరే. దాని గళ్లలో మిల్లు గుమాస్తా యాదగిరన్న ఎర్ర పెన్నుతో డ్రైవర్ల పేర్లు రాసేవాడు. యాభై ఆరేళ్ల మనిషి, ఆయాసం జబ్బు. మెట్లెక్కితే ఆయన ఛాతీలో కొలిమితిత్తి పలికేది.

సోమవారం నేను పని మొదలుపెట్టగానే సేటు ఆయన ముందే అన్నాడు.

"శుక్రవారం సంది కంప్యూటర్ ఎట్ల చెప్తే అట్లనే లారీలు. ఇగ యాదగిరికి ఈడ పనేముంటది, తౌడు గోదాము సూసుకుంటడు."

తౌడు గోదాములో దుమ్ము ఎంతంటే, పక్క గదిలో ఉన్న సర్వర్ మీద పేరుకున్నది దులిపితేనే రెండు బర్రెలకు ఒక పూట దాణా అయింది. అది వేరే గది, ఇక గోదాము సంగతి మీరే ఊహించుకోండి. ఆయాసమున్న మనిషి అక్కడ ఎన్ని రోజులు ఉంటాడో అందరికీ తెలుసు. యాదగిరన్న మాత్రం నాకు చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు.

"తాగు తమ్మీ. నన్ను పంపిచ్చేటోనివి నువ్వే గద, సల్లారనీయకు."

ఆ చాయ్ గొంతు దిగలేదు. దిగలేదంటే, రెండో కప్పు దిగలేదు.

ముందు దుకాణం రెండు రోజులు తెరుచుకోలేదు. సర్వర్ చిరునామా ఇచ్చాను, భాష ఇచ్చాను, దేశ సమయం ఇచ్చాను. పాస్‌వర్డ్ కొట్టగానే తెల్ల పేజీ. రెండు వేలసార్లు చూశాను ఆ తెలుపును. ఇంటికెళ్లి అన్నం చూసినా అదే గుర్తొచ్చేది. బుధవారం మధ్యాహ్నం మూడింటికి దొరికింది తప్పు. పేజీ ఎలా నడవాలో రాసి ఉంచే కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక లైను చివర సెమికోలన్, అదే చుక్క కింద కామా, మరిచిపోయాను, అంతే.

పేజీ తెరుచుకుంది. క్యాలెండర్ నేను ఆ రోజు పన్నెండింటికే సర్వర్‌లో కొత్తగా తయారుచేశాను. అందులో ఇంకా ఒక్క అక్షరం ఎక్కించలేదు. నెలంతా ఖాళీగా ఉండాలి.

శుక్రవారం గడిలో ఒక లైను ఉంది. "సైదులుకు విశాఖ వద్దు."

కొత్త ఇంటి తాళం తీసి లోపలికి వెళితే పొయ్యి మీద చాయ్ మరుగుతున్నట్టు అనిపించింది. సైదులు మిల్లు డ్రైవరు, ఊరు త్రిపురారం. గోడ క్యాలెండర్ చూశాను. శుక్రవారం గడిలో ఎర్ర పెన్నుతో "సైదులు, విశాఖ" అని స్పష్టంగా ఉంది. కంప్యూటర్‌లో ఉన్నది దానికి సరిగ్గా ఎదురు. పైగా ఆ కంప్యూటర్‌లో తెలుగు టైపింగే లేదు.

ఆ లైను కొట్టేశాను. సాయంత్రం గోడ మీది పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాను. సేటు గోడ క్యాలెండర్‌ను మేకు నుంచి తీసి చుట్టచుట్టి బీరువా మీద పడేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మేకు అలాగే ఉంది. యాదగిరన్న చాలాసేపు ఆ మేకును చూస్తూ కూర్చున్నాడు.

గురువారం నేరేడుచర్ల మీదుగా బస్సులో కోదాడ వెళ్లాను. దుకాణం మేనేజరుకు పేజీ తెరిచి చూపించాను.

"ఏమండీ, వద్దు అని తెలుగులో రాశారేంటండీ శుక్రవారం?" అన్నాడాయన.

మళ్లీ వచ్చింది. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. కొట్టేసినవి తిరిగి రావడానికి సర్వర్లలో వంద కారణాలుంటాయి. మళ్లీ కొట్టేశాను. మధ్యాహ్నం సూర్యాపేట ఆఫీసులో తెరిచేసరికి మళ్లీ ఉంది. అక్కడ పనిచేసే సుజాత నా వైపు అదోలా చూసింది.

"గింత చిన్న ముచ్చట తుడ్వస్తలేదా సార్?"

అప్పుడు లాగ్ తెరిచాను. లాగ్ అంటే సర్వర్ తనకు తాను రాసుకునే డైరీ. ఆ లైను ఎవరు రాశారన్న చోట ఖాళీ. ఎప్పుడు రాశారన్న చోట ఆదివారం ఉదయం ఎనిమిది. ఆ డైరీ లండన్ గడియారంతో నడుస్తుంది కాబట్టి ఐదున్నర గంటలు కలపాలి. కలిపాను. ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర. నేను వేళ్ల మీద కలిపాను, సుజాత క్యాలిక్యులేటర్ మీద కలిపింది. అదే వచ్చింది. క్యాలెండర్ పుట్టింది బుధవారం. అందులోని మాట ఆదివారానిది.

ఆదివారం ఒకటిన్నరకు నేను చివ్వెంలలో మా మేనమామ కొడుకు పెళ్లి బంతిలో ఉన్నాను. ఫోటో ఉంది. చేతిలో మాంసం బొక్క కూడా స్పష్టంగా కనబడుతుంది.

నేను తల పట్టుకుని ఉండగానే సేటు ఫోను. కొత్త పేజీని తన సెల్‌లో చూసుకుని మురిసిపోతున్నాడు. "కంప్యూటర్ సైదులును వద్దన్నది, ఇంకో డ్రైవర్‌ను పంపుమని చెప్పిన." నేను కాదనే లోపే పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున త్రిపురారంలో సైదులు భార్యకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. రక్తం పోతోంది. సైదులు ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి పక్కింటి ట్రాలీ ఆటోలో పరుపు వేసి, తనే నడిపి మిర్యాలగూడ దవాఖానకు చేర్చాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లి దక్కేది కాదన్నారట. ఇక్కడ నేను పెంచడం లేదు, అరగంటే అన్నారు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

శనివారం మిల్లు గేటు దగ్గర యాదగిరన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సల్లగుండు తమ్మీ. నీకెట్ల తెలిసింది?"

ఏం తెలిసిందన్నాను.

"పెండ్లానికి కాన్పు కష్టమున్నదని సైదులు నా ఒక్కనికే చెప్పిండు. గోడ మీద రాస్తే పదిమంది సూస్తరు, దిష్టి తగుల్తది. గిట్లాంటివి నేను కడుపుల పెట్టుకుంట. ఆ రోజు పొద్దుగాల పేరు కొట్టేసి ఇంకోని రాస్త. క్యాలెండరేమో తీసేసిరి. గురువారం సేటుకు ఫోన్ చేద్దామనుకుంటుంటె, నువ్వే రాసినవన్నరు. సైదులుకు విశాఖ వద్దు. నేను మనసుల అనుకున్న మాట గదే, ఒక్క అక్షరం తప్పలే."

సైదులు ఎప్పుడు చెప్పాడని అడిగాను. అడక్కపోయినా బాగుండేది.

"ఆదివారం. మధ్యాన్నం పగటిబువ్వ తింటుంటె వచ్చి చెప్పిపోయిండు."

రాసింది నేను కాదన్నాను. ఆయన నవ్వాడు. నా మాట ఎవరు నమ్ముతారు? మౌస్ పట్టుకోవడం రాని మనిషికి, పాస్‌వర్డ్ లేని మనిషికి, ఆ లైను ఎలా సాధ్యమో నాకు తెలియదు. గుండెలో ఉన్నది సర్వర్‌లోకి దిగడానికి వైరు ఏ దుకాణంలోనూ అమ్మరు.

ఆ సాయంత్రం సేటు తిరిగి వచ్చాడు. "సూసినవా కంప్యూటర్ తెలివి? సోమవారం సంది యాదగిరిని తౌడుకు పంపుదాం" అన్నాడు. నేను కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి చూపించాను. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక లైను ఉంది. క్యాలెండర్ పెద్ద: యాదగిరి. ఈ పద్ధతిలో ఒక మనిషి పేరు తప్పనిసరి, ఆ పేరు తీస్తే పేజీ మళ్లీ తెల్లబడుతుందని చెప్పాను. రెండు రోజుల తెలుపు సేటు కళ్లారా చూశాడు. సరేలే, యాదగిరిని ఈడనే ఉండనీ అన్నాడు.

ఇప్పుడు మాట ప్రకారం ఆ అబద్ధం ఏదన్నది చెప్పాలి. ఆ లైనే. అలాంటి నియమం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. శనివారం మధ్యాహ్నం నేనే రాశాను. సర్వర్ దాన్ని చదవను కూడా చదవదు. ఇవాళ్టికీ అలాగే ఉంది, యాదగిరన్న కూడా అదే కుర్చీలో ఉన్నాడు.

సేటు ఇది చదివినా భయం లేదు, పెంచి రాశాడంటాడు.

శుక్రవారం గడిలోని లైను మాత్రం నేను రాయలేదు.